కాళ్ళు, కండ్లు, పండ్లు

కోరుట్లలో మా కాక పోయిన పదకొండో రోజున పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి ఆరుబయట పెట్టడం, పిట్ట వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడడం మా దగ్గర ఆనవాయితీ. చిన్నమ్మ అన్నం పెట్టింది, కోడికూర పెట్టింది, చిన్న గ్లాసులో కల్లు పోసింది. ఆఖరుకు కొంగులోంచి ఒక సీతాఫలం తీసి, రెండుగా విప్పి, కూర పక్కన పెట్టింది. ముస్తాబాద్ నుంచి వచ్చిన కాక తమ్ముడు అడ్డం వచ్చాడు.

"గదెందుకు వదినా? అన్నకు పండ్లు పడయి గదా. ఎన్నడన్న ముట్టంగ చూసినవా?"

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. "చూసిన తియ్యి," అని మాత్రం అంది.

పిట్ట తొందరగానే వచ్చింది. ముందు కూరనే ముట్టింది. అందరూ స్నానాలకు కదిలారు.

కాక పండ్లు ముట్టని మనిషని చుట్టాలందరికీ తెలుసు. ఎవరి మాట మీద మానేశాడో ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఇప్పుడు ఇద్దరం మిగిలాం. నేను పెగడపల్లిలో పిల్లలకు తెలుగు చెప్తాను. మాటలకు అర్థాలు చెప్పడమే నా ఉద్యోగం. ఒక మాటకు నేను చెప్పిన తప్పు అర్థాన్ని ఆయన ఆరేళ్ళు మోశాడు.

ఆయన నాకు సొంత కాక కాదు. మా బాపూ ఆయనా ఒకే బ్యాండులో ఉండేవారు. బాపుది డ్రమ్ము, ఆయనది క్లారినెట్టు. బాపు పోయాక ఆయన మమ్మల్ని ఏనాడూ ఓదార్చలేదు. ఆదివారం ఆదివారం వచ్చి, మా అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, నేను చదువుతున్న పుస్తకం అట్ట చూసి, "గిది మొన్నటిదేనా, కొత్తదా?" అని అడిగి వెళ్ళేవాడు. ఆయనకు చదువు రాదు. అయినా అట్ట మారిందో లేదో కనిపెట్టేవాడు. మారకపోతే, "ఏంది బిడ్డా, గింత సుస్తి?" అనేవాడు.

ఆయన్ని తలచుకుంటే ముందు నోరే గుర్తొస్తుంది. క్లారినెట్టుకు గాలి తగిలి మోగే సన్నని పుల్ల ఒకటి ఉంటుంది. అది తడిగా ఉండాలి. పని లేనప్పుడు కూడా ఆయన ఆ పుల్లను నోటి మూలన పెట్టుకుని తిరిగేవాడు. పుల్ల అట్లా ఉండగానే మాట్లాడేవాడు, నవ్వేవాడు, తిట్టేవాడు. కోపం వస్తే మాత్రం పుల్ల తీసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఆయన చెయ్యి జేబు వైపు పోయిందంటే ఎదుటివాళ్ళు సర్దుకుని నిలబడేవాళ్ళు.

ఒకసారి ఒక పెద్దింటి పెళ్ళిలో, భోజనాలు పెట్టేటప్పుడు బ్యాండువాళ్ళను షామియానా బయట కూర్చోమన్నారు. కాక ఎందుకని అడిగాడు. ఆ ఇంటి పెద్దమనిషి నోరు మూసుకుని చెప్పినచోట కూర్చొమ్మన్నాడు. కాక పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. "మూస్త పటేలా. నేను నోరు మూస్తే నీ కొడుకు బరాత్ ఎట్ల కదుల్తది?" అన్నాడు. బ్యాండువాళ్ళకు లోపలే ఆకులు వేశారు. ఈ సంగతి బాపు చెప్తే విన్నాను. బాపు ఎప్పుడు చెప్పినా ఆ మాట మాత్రం ఇట్లాగే ఉండేది, అందుకని నమ్ముతాను.

యాభై దాటాక ఆయనకు షుగర్ వచ్చింది. జగిత్యాలలో షుగర్ డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. అక్కడ చాలా రద్దీగా ఉంది. ఆ డాక్టరు మంచివాడే. మందులు ఇంగ్లీషులో రాసి, కింద ఖాళీ జాగాలో తెలుగులో ఒక ముక్క రాసి గీత గీశాడు. కాళ్ళు, కండ్లు, పండ్లు జాగ్రత్త. అంతే.

తిరుగు బస్సులో ఆ చీటీని ఆయనకు చదివి వినిపించాను. కాళ్ళంటే చెప్పుల్లేకుండా తిరగొద్దని, కండ్లంటే ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలని చెప్పాను. పండ్లంటే మామిడిపండ్లు, అరటిపండ్లు, సీతాఫలాలు తినొద్దని చెప్పాను. ఆయన నోటి మూలన పుల్ల అటూ ఇటూ కదిలింది.

"బిడ్డా, కాళ్ళు నాయి, కండ్లు నాయి. పండ్లు అంగట్లయి గదా. గవెందుకు అచ్చినయి మధ్యల?"

నేను నవ్వాను. డాక్టర్లు అన్నీ ఒక్కచోటే రాస్తారు కాకా, అన్నాను. షుగర్ ఉన్నవాళ్ళు పండ్లు తినొద్దని ఊళ్ళో ప్రతి నోరూ అనే మాటే కాబట్టి నాకు అనుమానం రాలేదు. పండ్లు అంటే తినేవీ అవే, తినడానికి నోట్లో ఉండేవీ అవే. చిన్న తరగతిలో నానార్థాలు చెప్పేటప్పుడు నేను ఇచ్చే మొదటి ఉదాహరణే అది. చదువు రాని మనిషి సరైన ప్రశ్న అడిగితే, చదువుకున్న నేను దాన్ని నవ్వి పక్కన పెట్టాను.

ఆయన ఎవరి మాటా వినే మనిషి కాదు. చాయ్‌లో చక్కెర తగ్గించమంటే, "గది చాయా, కషాయమా?" అనేవాడు. పండగనాడు కల్లు మానమంటే పుల్ల జేబులోకి పోయేది. కానీ పండ్లు మానేశాడు. నేను చదివి చెప్పాను కాబట్టి మానేశాడు. మా బడి పక్క గుట్టల్లో సీతాఫలాలు బాగా కాస్తాయి. ప్రతి ఏడూ సంచి నిండా తెచ్చిచ్చేదాన్ని. అది కూడా ఆపేశాను. చిన్నమ్మ పొరుగింట్లో కూర్చుని దొంగతనంగా తినివచ్చేది.

రెండు మూడేళ్ళు గడిచాక ఇగుర్లలోంచి, అంటే చిగుళ్ళలోంచి, రక్తం రావడం మొదలైంది. వేడి చేసిందన్నారు. మజ్జిగ తాగాడు. వేపపుల్లతో తోమితే రక్తం ఎక్కువ వస్తోందని తోమడమే తగ్గించాడు. వేలితో రుద్ది పుక్కిలించి ఊరుకునేవాడు. పండ్ల డాక్టరు దగ్గరికి పోదామంటే, షుగర్ ఉన్నోళ్ళకు పన్ను పీకితే గాయం మానదని ఎవరో చెప్పారని వినలేదు. నేనూ గట్టిగా పట్టుపట్టలేదు. నోటి వాసన వస్తోందని చిన్నమ్మ ఒకసారి నెమ్మదిగా అంటే, మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. నోరు దాచుకుని మాట్లాడడానికి తానేం తప్పు చేయలేదన్నాడు.

తరువాత ముందరి పై పండ్లు రెండూ ఎడమయ్యాయి. వాటి నడుమ సందు వచ్చింది. క్లారినెట్టు పట్టేది ఆ రెండు పండ్ల మీదనే. పైన ఆ రెండూ ఆనాలి, కింది పెదవి కింద మడిచి ఉండాలి. ఆ రెండూ ఊగితే వాద్యం నోట్లో నిలవదు. పక్కల నుంచి గాలి పోతుంది, స్వరం చీలుతుంది. ఒక ఊరేగింపులో అది మూడుసార్లు కీచుమంది. పెళ్ళివాళ్ళు నవ్వారు. బ్యాండు మేస్త్రి కాక కంటే చిన్నవాడు, కాక దగ్గరే నేర్చుకున్నవాడు. మర్నాడు ఇంటికి వచ్చి, పనికి రావొద్దని అనలేక, తాళాలు పట్టుకొమ్మన్నాడు.

"పానానికి సుకంగుంటదన్నా. ఊకె నడుసుకుంట తాళం ఎయ్యి, నీ కూలి నీకే."

"భజన నాతోని కాదురా," అన్నాడు కాక.

మేస్త్రి వెళ్ళాక నాకు కబురు పంపాడు. నేను వెళ్ళేసరికి అరుగు మీద క్లారినెట్టు విప్పి ముక్కలు ముక్కలుగా తుడుస్తున్నాడు. "గీ రెండు పండ్లు నిలవడాలె బిడ్డా. మిగిలినయి ఏమన్న గాని," అన్నాడు. ఆయన నన్ను ఒక సాయం అడగడం అదే మొదటిసారి.

జగిత్యాలలోనే పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. చిన్న వయసు ఆమె. చాలాసేపు చూసింది. సన్నని కడ్డీ ఇగురు లోపలికి దించి లోతు కొలిచింది. పక్కనున్న సిస్టరుతో అంకెలు రాయించింది. కాక చేతులు కుర్చీ పిడుల మీద బిగుసుకున్నాయి కానీ చప్పుడు చేయలేదు. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇగుర్ల కింద క్రిములు చేరి గార కట్టాయట. షుగర్ ఎక్కువగా ఉంటే ఒళ్ళు వాటితో కొట్లాడలేదట. ఆ క్రిములు ఉన్నన్నాళ్ళూ షుగర్ దిగడం కూడా కష్టమేనట. ఒకదానికొకటి సాయం చేసుకుంటున్నాయని చెప్పింది.

"దోస్తులన్నట్టు," అన్నాడు కాక.

ఆమె నవ్వి, పాత చీటీలు చూపించమంది. పాలిథిన్ కవర్లోంచి అన్నీ తీశాను. మొదటి చీటీ చూసి ఆగింది. "సార్ ఆరేళ్ళ కిందనే రాశారు కదా, పండ్లు జాగ్రత్త అని. అప్పుడే ఎందుకు రాలేదు?" అంది.

నేను ఆ చీటీని మళ్ళీ చదివాను. కాళ్ళు, కండ్లు, పండ్లు. మూడూ ఒంటి మీదివే. వేరేగా చదవడానికి అక్కడ ఏమీ లేదు. నా ముఖం ఎట్లా మారిందో తెలియదు. కాక నా వైపు చూశాడు, చీటీ వైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. నేను ఆయన చెయ్యి జేబు వైపు పోతుందేమోనని చూశాను. పోలేదు.

"నేను చెప్పలే? పండ్లు అంగట్లయి అని," అన్నాడు.

నేను ఏడుస్తుంటే డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. కాక ఆమెకు నా తప్పు చెప్పలేదు. ఏదో ఇంటి ముచ్చట అన్నాడు. నన్ను మాత్రం, "గిప్పుడు ఏడ్సుడు బందు. ఏం చెయ్యాల్నో రాస్కో. ఈసారి మంచిగ చదువు," అన్నాడు. ఆయన నన్ను తిట్టింది అదొక్కసారే. దాన్ని తిట్టు అనొచ్చో లేదో ఇప్పటికీ తెలియదు.

డాక్టరమ్మ వెనక పండ్లు ఆరు తీసేయాలంది. ముందరి రెండింటి మీదా ఆశ లేదంది. అవి కూడా తీసి కట్టుడువి పెట్టుకుంటే తినడానికి ఇబ్బంది ఉండదంది. కాక తినడం గురించి అడగలేదు.

"ఆరు పీకు డాక్టరమ్మా, నీ ఇష్టం. గీ రెండు మాత్రం ముట్టకు."

"ఊగుతున్నాయి కదా పెద్దాయనా."

"నేను గూడ ఊగుతున్న. నన్ను పీకుతవా?"

ఆమె మూడు నెలలు గడువు ఇచ్చింది. వెనక ఆరూ పీకి, మిగిలినవాటి లోపలి గారంతా నాలుగు విడతల్లో తీస్తానంది. ఆలోపు షుగర్ దిగాలి. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్షుతో తోమాలి, రక్తం వచ్చినా ఆపొద్దు. సందుల్లో తోమడానికి చిన్న బ్రష్షు వేరే ఇచ్చింది. మూడు నెలలు ఆ రెండు పండ్ల మీద క్లారినెట్టు ఆనించొద్దు. అప్పటికీ ఊగితే తీసేయాల్సిందే. కాక అన్నిటికీ ఊఁ అన్నాడు. నేను రాసుకున్నది రెండుసార్లు చదివించుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చేసినదాన్ని నిష్ఠ అని రాయాలనిపించదు. పగ అనడమే సరి. ఏళ్ళుగా ఎవరు చెప్పినా తగ్గించని చాయ్ చక్కెరను ఒక్కరోజులో మానేశాడు. కల్లు ముట్టలేదు. పొద్దున వేములవాడ రోడ్డు మీద చేతులు ఊపుకుంటూ నడిచేవాడు. బ్రష్షులు రెండూ క్లారినెట్టు పెట్టెలో, పుల్లల డబ్బా పక్కన ఉండేవి. తాళాలు పట్టుకోవడానికి ఒప్పుకున్నాడు, పెళ్ళిళ్ళకు పోయాడు. కానీ పెట్టె ఇంట్లో వదలలేదు. భోజనం అయ్యాక ఫంక్షన్ హాల్లో అందరూ చేతులు కడుక్కునే నల్లాల దగ్గర నిలబడి, అద్దంలో చూసుకుంటూ, ఒక్కొక్క సందూ తోమేవాడు. వెనకాల వరుస కట్టినవాళ్ళు నవ్వితే అద్దంలోంచే చూసేవాడు. పెండ్లి నీదా ఏందని ఒకతను అంటే, నోట్లో నురుగుతోనే, "నీ పండ్లు లెక్కవెట్టుకో ముందు," అన్నాడట. మేస్త్రి ఇది చెప్పి తల పట్టుకున్నాడు.

డాక్టరమ్మ ఊదొద్దంది కదా అన్నాను. పండ్ల మీద ఆనించొద్దంది, అంతే కదా అన్నాడు కాక. వేములవాడకు పోయి, గుడి దగ్గర సన్నాయి వాయించే పెద్దాయన నోరు రెండు రోజులు గమనించి వచ్చాడు. సన్నాయిని పండ్లతో కరవరు, రెండు పెదవులతో పట్టుకుంటారు. క్లారినెట్టును అట్లా పట్టుకోవడం మొదలుపెట్టాడు. పై పెదవిని కూడా పండ్ల మీదికి మడిచి, దాని మీద నిలబెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటును అరవై దగ్గరపడ్డాక మార్చడమంటే చిన్న విషయం కాదు. మొదట్లో వచ్చింది కీచు మాత్రమే. వాడకట్టు వాళ్ళు తలుపులు వేసుకున్నారు. చిన్నమ్మ చెవుల్లో దూది పెట్టుకుని బీడీలు చుట్టేది. లోపలి పెదవి కోసుకుపోయి పుండ్లు పడ్డాయి. డాక్టరమ్మ కోప్పడింది. పెదవి గురించి నువ్వేం చెప్పలేదన్నాడు.

రెండో నెలలో సిరిసిల్లలో మా మేనమామ పోయాడు. సాంచాలు నడిపి బతికిన మనిషి. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సావుకు కాక బ్యాండునే పిలిచారు. క్లారినెట్టుకు కొత్తగా పెట్టుకున్నతను పొద్దున రాలేదు. ఫోను ఎత్తలేదు. మేస్త్రి చెమటలు తుడుచుకుంటూ డ్రమ్ములతోనే నడిపిద్దామన్నాడు. పాడె లేచింది. ఆ వాడలో శవం పోతుంటే ఆ వరుసలో సాంచాలు ఆపేస్తారు. ఒక్కొక్క షెడ్డే ఆగుతూ వచ్చింది. ఎప్పుడూ చప్పుడుండే చోట ఆ నిశ్శబ్దానికి మా అత్త భయపడిపోయింది, నా చెయ్యి పట్టుకుంది.

కాక పెట్టె తెరిచాడు. చేతిలోని తాళాలు మేస్త్రికి ఇచ్చాడు.

"నువ్వు కొట్టు," అన్నాడు.

మేస్త్రి తీసుకున్నాడు. కాక రెండు పెదవులూ మడిచి పట్టాడు. మొదటి స్వరం వణికింది. రెండోది నిలబడింది. పాత ఊపు లేదు, సన్నగా ఉంది. అయినా చీలలేదు. గోదాముల దాకా, అక్కడి నుంచి వాగు దాకా, ఎండలో ఆగకుండా ఊదాడు. గడ్డం మీదికి నెత్తురు సన్నగా కారితే భుజంతో తుడుచుకున్నాడు. చూసినవాళ్ళు ఇగుర్లనుకున్నారు. అది పెదవి నుంచి వచ్చిన నెత్తురని నాకు తెలుసు. ఆపమని చెప్పాలనిపించలేదు. ఆ రోజు మేనమామ కోసం ఎంత ఏడ్చానో, ఎంత గర్వపడ్డానో విడదీసి చెప్పలేను.

మూడు నెలలకు జగిత్యాల పోయాం. షుగర్ పూర్తిగా దారికి రాలేదు కానీ బాగా దిగింది. డాక్టరమ్మ కడ్డీ దించి కొలిచింది. ఈసారి అంకెలు చిన్నవి. రక్తం రాలేదు. ముందరి రెండు పండ్లనూ పట్టి అటూ ఇటూ ఊపి చూసింది. మళ్ళీ ఊపింది. "ఉండనీ," అని చేతి తొడుగు తీసేసింది. బయటికి వచ్చాక కాక సీతాఫలాల బండి దగ్గర ఆగి, ఒక చిన్నది కొని, రోడ్డు మీదే నిలబడి, ఒక్కొక్క గింజా తీరికగా ఉమ్ముతూ తిన్నాడు. నాకు పెట్టలేదు. నేను అడగలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు క్లారినెట్టు ఊదాడు. రెండు పెదవులతోనే ఊదాడు. డీజేలు వచ్చి పెళ్ళిళ్ళు తగ్గాయి, ఆయన మాత్రం తగ్గలేదు. ఆరు నెలలకోసారి డాక్టరమ్మ దగ్గరికి తనే బస్సెక్కి పోయేవాడు. ఎదురుపడిన ప్రతి షుగర్ మనిషినీ నోరు తెరవమనేవాడు. కొందరు తప్పించుకు తిరిగేవాళ్ళు. కొందరు పోయి చూపించుకున్నారు.

పదకొండో రోజున ఒకాయన నాతో అన్నాడు. నోటికోసం అంత తిప్పలపడ్డాడు, చివరికి గుండెతో పోయాడు, ఏం లాభం అని. నోరు బాగుంటే గుండె ఆగదని ఆయనకు ఎవరూ మాట ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. తన రెండు పండ్లు తన నోట్లో ఉండాలన్నాడు. ఆ మూడేళ్ళలో ఒక్క రోజు కూడా నాకు వృథాగా కనపడదు.

పోయిన రోజు పొద్దున తొమ్మిదింటికి ఛాతీలో నొప్పి అన్నాడు. జగిత్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. లోపలికి తీసుకుపోయే ముందు ఒక నర్సు కాగితం పట్టుకుని ప్రశ్నలు అడిగింది. వయసు, షుగర్, బీపీ, ఏమైనా మందులు పడవా. నేను చెప్తున్నాను. చిన్నమ్మ ఆయన కాళ్ళు పట్టుకుని నిలబడింది.

"కట్టుడు పండ్లు ఉన్నాయా? ఉంటే ఇప్పుడే తీసెయ్యాలె," అంది నర్సు.

నేను చెప్పేలోపే ఆయన మాస్కును తన చేత్తో పక్కకు లాగాడు. నర్సు వద్దంటోంది. ఆయన పై పెదవిని వేలితో పైకెత్తి చూపించాడు.

"అన్నీ నాయే. పట్టి చూడు."

సరే, మాస్కు పెట్టుకోమంది ఆమె.

"పట్టి చూడమంటున్న బిడ్డా."

తొందరలో ఉన్నా ఆమె ఆగింది. తొడుగు వేసుకున్న వేలితో ముందరి రెండు పండ్లనూ నొక్కింది. ఇంకొంచెం గట్టిగా నొక్కింది. కదలలేదు. ఆయన మాస్కును తానే సర్దుకున్నాడు. ఆమె పెన్ను తీసుకుని, కట్టుడు పండ్లు అన్న మాటకు ఎదురుగా, లేవు అని రాసింది.